దాసోహపు పద్దు



ప్రకాశం బారేజీకి ఎగువన నిండుగా నిలిచిన కృష్ణవేణిని చూచి "ఈ ఏడు డెల్టా పండినది" అని రైతెవ్వడును అనడు. ఆ నీరు ఏలూరు కాలువలోనికి, బందరు కాలువలోనికి, రైవస్ కాలువలోనికి దిగవలయును. అచ్చటినుండి పిల్లకాలువలకు, బోదెలకు ప్రాకవలయును. కట్టకడపట సముద్రపు గాలి తగులు శివారు మడిలో నారు తడియవలయును. అప్పుడే పంట మాట. తలకాలువ నిండుగా పారుచుండగా శివారు భూమి బీటలు వారినచో తప్పు మేఘునిది కాదు, నదిది కాదు. నడుమ తూములు కాచువానిది.

దానధనమును అట్టిదే. దాత చేతినుండి వెడలిన రూపాయి దీనుని చేరువరకు దారిలోనున్న నీరే గాని పండిన పంట కాదు. ఆ దారిని కాపాడుటయే ధర్మసంస్థ యొక్క పాలనము. ఎంత వచ్చినది, ఎంత చేరినది, ఎంత నడుమ ఇంకిపోయినది అని వ్రాసి చూపుటయే దాని పద్దు. పద్దు వ్రాయుట గుమాస్తా పనియనియు, పూజ చేయుట భక్తుని పనియనియు కొందరు తలతురు. కాయకమునకును పూజకును గోడ కట్టని బసవధర్మములో ఆ తలపునకు తావు లేదు.

అన్నసత్రమున లేచిన విస్తళ్ళను లెక్కింపవచ్చును. బడిలో పిల్లలను లెక్కింపవచ్చును. త్రవ్వించిన బావిలో నీరు కంటికి కనబడును. కాని లెక్కకు అందని ధర్మకార్యమొకటి కలదు. అది చిత్రహింసకు గురియై, ప్రాణములతో బయటపడినవారిని ఆదుకొను సేవ. తోటి మనుష్యుడు పనిగట్టుకొని, అధికార బలముతో, ఒప్పుకోలు కొరకో, పగ కొరకో, భయపెట్టుట కొరకో పెట్టిన బాధ అది. ఎముక అతుకుకొన్న పిమ్మటను మనస్సు అతుకుకొనదు. అట్టివానికి రాత్రి నిద్రపట్టుటయే ఫలము. తలుపు చప్పుడునకు ఉలికిపడకుండుటయే ఫలము. బిడ్డను మరల ఎత్తుకొని ముద్దాడగలుగుటయే ఫలము. వీనిని ఏ చిట్టాలో వ్రాయుదురు? ఫలము కంటికి కనబడని చోట మోసమునకును అవకాశము హెచ్చు. నిజాయితీగా పనిచేయువానిపై నిందకును అవకాశము హెచ్చు. కనుకనే అట్టి సంస్థకు పద్దును, పాలనమును మిక్కిలి శుద్ధముగా నుండవలయును.

ఈ సేవ వీరశైవులకు పరాయి విషయము కాదు. కల్యాణ పట్టణమున బిజ్జలుడు హల్లయ్య, మధువయ్య యను భక్తుల కన్నులు తీయించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. సమగార హరళయ్యయు, మధువరసును తమ బిడ్డలకు కులము మీరి పెండ్లి చేసిరన్న నెపమున క్రూరముగా చంపబడిరని కన్నడ శరణ సంప్రదాయము తలచుకొనుచున్నది. రాజదండన పేరిట దేహమును చిత్రవధ చేయుట యెట్టిదో మన సమాజము తన పుట్టుకలోనే చూచినది. ఆ స్మృతిని ఏటేట తలచువారు, నేడు అట్టి బాధపడినవానిని చూచి "అది కోర్టు వ్యవహారము, మనకేల" అని తొలగిపోవుట తగునా?

ఈ గడ్డమీదను అట్టి చరిత్ర కలదు. కంపెనీ పాలనమున మద్రాసు రాజధానిలో భూమిశిస్తు వసూలు చేయుటకు రైతులను హింసించుట వాడుకగా నుండెను. వ్రేళ్ళను రెండు చెక్కల నడుమ బిగించు సాధనమును కిట్టి యనెడివారు. ఎండలో మెడ వంచి కట్టి నిలబెట్టుటయు ఆ హింసలలో ఒకటి. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి దీనిని సహింపలేకపోయెను. ఆయన 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, ప్రజల మొరలను ఇంగ్లండు పార్లమెంటునకు పంపెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూర్ మద్రాసునకు రాగా, ఆయనను పల్లెలకు తోడ్కొనిపోయి రైతుల దుఃస్థితిని చూపెను. ఫలితముగా 1854లో విచారణ సంఘము ఏర్పడి, 1855లో నివేదిక వెలువడెను. వందలకొలది జనులు స్వయముగా వచ్చి మొరపెట్టుకొనిరి. మరెందరో ఉత్తరములు వ్రాసిరి. శిస్తు వసూలునకై హింస జరుగుచున్నమాట నిజమేయని సంఘము తేల్చెను. నాడు ఈ డెల్టా అంతయు ఆ రాజధానిలోనిదే. బెజవాడవద్ద కృష్ణకు తొలి ఆనకట్ట పూర్తియైనదియు ఆ 1855లోనే. నదికి కట్ట పడిన ఏటనే, రైతు వ్రేళ్ళకు కిట్టి పడినదన్న నిజమును అచ్చులోనికెక్కెను.

లక్ష్మీనరసు సెట్టి జీవితములో ధర్మకర్తలు నేర్వవలసిన పాఠమొకటి కలదు. ఆయన తన పత్రికకును, ప్రజాకార్యములకును స్వంత ధనమునే ధారపోసెను. కడకు 1868లో పేదవాడై కన్ను మూసెను. ఆయన త్యాగము వందనీయము. కాని ఒక్కని సంచిమీద నడచిన ధర్మము ఆ సంచితో పాటే వట్టిపోవు ప్రమాదము కలదు. కాలువకు ఒకే ఊట ఉన్నచో ఆ ఊట ఎండిననాడు పైరంతయు ఎండును. మరియు నివేదిక నిజమును చెప్పగలదు గాని నలిగిన వ్రేళ్ళకు కట్టు కట్టలేదు. ఆ పనికి నిలకడగల సంస్థ కావలయును.

అట్టి సంస్థలు ప్రపంచమున ఇరువదవ శతాబ్ది చివర రూపుదాల్చినవి. 1981లో ఐక్యరాజ్యసమితి చిత్రహింస బాధితుల కొరకు ఒక స్వచ్ఛంద నిధిని స్థాపించినది. 1982లో డెన్మార్కు వైద్యురాలు ఇంగె గెనెఫ్కె కోపెన్‌హేగన్‌లో పునరావాస కేంద్రమును నెలకొల్పినది. 1985లో లండనులో హెలెన్ బాంబర్ నెలకొల్పిన వైద్యసంస్థ నేడు ఫ్రీడమ్ ఫ్రమ్ టార్చర్ అను పేర నడచుచున్నది. ఐక్యరాజ్యసమితి నిధి పాలనము గమనింపదగినది. దానికి దేశముల చందాలు, ఇతర దాతల చందాలు ఆధారము. ఇచ్చుట ఇచ్చువారి ఇష్టము. ఐదుగురు ధర్మకర్తల మండలి దరఖాస్తులను పరిశీలించి సలహా ఇచ్చును. ఆ సొమ్ము ప్రభుత్వముల చేతికి పోదు; బాధితులకు వైద్యము, మనోవైద్యము, న్యాయసహాయము, జీవనాధారము కల్పించు సంస్థలకే పోవును. పుచ్చుకొన్న సంస్థ పనిని గూర్చియు, ఖర్చును గూర్చియు లెక్క చెప్పవలయును.

మన దేశమున రాజ్యాంగము 21వ అధికరణము ప్రాణమునకును స్వేచ్ఛకును రక్ష. నిర్బంధములో మరణించిన యువకుని తల్లికి పరిహారము చెల్లింపుమని 1993లో నీలబతీ బెహరా వ్యాజ్యమునను, అరెస్టు సమయమున పాటింపవలసిన నియమములను 1996లో డి.కె. బసు వ్యాజ్యమునను సుప్రీంకోర్టు చెప్పినది. చిత్రహింసను నిషేధించు అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసినది; కాని నేటివరకు దానిని ధ్రువపరచలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింస నిరోధక బిల్లు చట్టము కాకయే చెల్లిపోయినది. నేరమునకు గురియైనవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారము పొందు మార్గము కలదు. కాని పరిహారము వచ్చువరకు దేహమును, మనస్సును ఎవరు నిలబెట్టుదురు? ఆ నడిమి కాలమే ధర్మసంస్థ పొలము.

ఒక్క మనిషిని తలపునకు తెచ్చుకొనుడు. ఇది ఫలానావాని కథ కాదు. ఎవ్వని కథయైనను కావచ్చును. దివిసీమ పల్లెలో కౌలుకు చేయువాడొకడు. చేయని దొంగతనము మోపి ఎవరో మూడు రాత్రులు వానిని కొట్టిరి. నిర్దోషియని తేలి ఇంటికి వచ్చెను. కాని తలుపు మూసిన గదిలో కూర్చుండలేడు. బూట్ల చప్పుడు విన్నచో చెమటలు పట్టును. కొడవలి పట్టిన చేయి వణకును. భార్య ఎవరివలననో విని, బస్సుకు అప్పు చేసి, వానిని బెజవాడలోని ఒక సేవాకేంద్రమునకు తీసికొనివచ్చినది. మొదటి నాడు వాడు నోరు విప్పలేదు. రెండవ మారు నాలుగు మాటలు చెప్పెను. మూడవ మారు వచ్చునప్పటికి తలుపునకు తాళము వ్రేలాడుచున్నది. "నిధులు ఆగిపోయినవి, వైద్యురాలు వెళ్ళిపోయినది" అని ప్రక్క దుకాణమువాడు చెప్పెను. నమ్మి నోరు తెరచినవానికి ఆ తాళము రెండవ గాయము. కొట్టినవాడు పగవాడు; తాళము వేసినవారు మంచివారే. అయినను గాయము గాయమే. ధర్మసంస్థ పద్దులో తప్పిన ఒక్క అంకె శివారు మనిషి గుండెలో ఇట్లు దిగును.

కనుక మొదటి ధర్మము తలుపు మూయకుండుట. ఇచ్చట ఒక సందేహము పుట్టును. రేపటికి దాచుట శరణధర్మమునకు విరుద్ధము కాదా? ఐదక్కి మారయ్య కథ అందరెరిగినదే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమార్చన చేయు ఆ శరణుడు ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ దానిని ముట్టలేదు. అక్కరకు మించిన ఆశ తగదని చెప్పి, తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మరి ధర్మసంస్థ నిలువ నిధి ఉంచుకొనవచ్చునా?

ఉంచుకొనవచ్చును, ఉంచుకొనవలయును. దాచుట వేరు, కాచుట వేరు. తన సుఖము కొరకు దాచుట లోభము. ఇచ్చిన మాట కొరకు కాచుట ధర్మము. నేడు చేర్చుకొన్న బాధితునకు ఏడాది చికిత్స కావలసినచో, ఆ ఏడాది ఖర్చు రేపటి ఆశ కాదు, నేటి అప్పు. ఆ అప్పునకు సరిపడు నిధి ఉంచి, అంతకు మించినదానిని సేవలోనికి వదలవలయును. దేశ చట్టమును ఈ వివేకమునే చూపుచున్నది. పన్ను మినహాయింపు కోరు ధర్మసంస్థ తన ఆదాయములో నూటికి 85 పాళ్ళు ధర్మకార్యమునకు వినియోగింపవలయును. తక్కిన 15 పాళ్ళు నిలువ ఉంచుకొనవచ్చును. లక్కమ్మ వాకిట నిలిచి చెప్పిన హద్దునే చట్టము అంకెలలో చెప్పినట్లున్నది.

నిలువతో పాటు ఊటలును పెక్కు ఉండవలయును. విదేశీ విరాళముపైననే ఆధారపడు సంస్థ నిలకడను కోల్పోవచ్చును. 2020లో విదేశీ విరాళముల నియంత్రణ చట్టమునకు వచ్చిన సవరణ ప్రకారము ఆ సొమ్ము మొదట కొత్తఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావలయును. పరిపాలన ఖర్చు నూటికి 20 పాళ్ళు మించరాదు. పుచ్చుకొన్న సంస్థ మరియొక సంస్థకు దానిని పంచి ఇయ్యరాదు. ఒక్క అనుమతి చెల్లిపోయినచో చికిత్స నిలిచిపోవు స్థితి రాకూడదు. వేయి కుటుంబములు నెలకు కొంత ఇచ్చు చిన్న చందా, ఒక్క మహాదాత ఇచ్చు పెద్ద చెక్కుకంటె బలమైనది. చిన్న చందా ఇచ్చువాడు లెక్కయు అడుగును, అదియు మేలే.

రెండవ ధర్మము లెక్క తెరచుట. బసవేశ్వరుడు బిజ్జలుని భాండారమునకు అధికారిగా నుండగా, రాజధనమును జంగములకు పంచి ఖాళీ చేయుచున్నాడని కొండెగాండ్రు చెప్పిరి. రాజు పిలిపించి అడిగెను. బసవన్న పెట్టెలు తెరిపించి లెక్క చూపెను. ఒక్క మాడయు తగ్గలేదు. పురాణము దీనిని శివమహిమగా వర్ణించెను. మహిమను నమ్మువారు నమ్ముదురు గాక! అందులో ఆచరణకు పనికివచ్చు విషయము వేరొకటి కలదు. లెక్క అడిగినప్పుడు బసవన్న "నన్నే శంకింతువా" అని అలుగలేదు. చేసిన సేవలను ఏకరువు పెట్టలేదు. పెట్టె తెరచెను. నేడు పలు ధర్మసంస్థలలో లెక్క అడిగినవాడే ద్రోహియగుచున్నాడు. "ఇంత త్యాగము చేసినవారిని అనుమానింతువా" అందురు. త్యాగము రశీదు కాదు.

తెలుగువారు ట్రస్టీకి ధర్మకర్తయని పేరు పెట్టిరి. ఎంత చక్కని మాట! అతడు ధర్మమునకు కర్తయే గాని ధనమునకు భర్త కాడు. ఆ ధనము దాతది కాదు, అతడు ఇచ్చివేసెను. ధర్మకర్తది కాదు, అతడు కాపరి. అది గాయపడినవాని సొమ్ము. కనుక ధర్మకర్త తన సేవకు ప్రతిఫలము ఆశింపరాదు. తన బావమరిది దుకాణమున మందులు కొనిపించుట, తన ఇంటినే కేంద్రమునకు అద్దెకిచ్చుట వంటివి వచ్చినప్పుడు ముందుగా సభలో చెప్పి, నిర్ణయమునుండి తొలగి, ఆ మాటను మినిట్సు పుస్తకమున వ్రాయింపవలయును. చెక్కుపై రెండు సంతకములుండవలయును. ఖర్చు మంజూరు చేయువాడు, సొమ్ము చెల్లించువాడు, పద్దు వ్రాయువాడు ఒక్కడే కారాదు. హుండీకి రెండు తాళములు వేసి తాళపుచెవులు ఇద్దరి చేతులలో ఉంచుట పూజారిని అవమానించుట కాదు. అతనిని నిందనుండి కాపాడుట. మందుల కొరకు ఇచ్చిన సొమ్ము మందులకే పోవలయును, భవనమునకు కాదు. ఏటేట ఆడిటరుచేత తనిఖీ చేయించి, ఆ నివేదికను అందరికిని అర్థమగు తెలుగులో చదివి వినిపింపవలయును.

లెక్క చదువునప్పుడు ఒక అపోహను తొలగించుకొనవలయును. "జీతములకే ఇంత పోయినదా" అని దాతలు నొసలు చిట్లింతురు. అన్నసత్రమున ఖర్చు బియ్యము. ఇచ్చట ఖర్చు మనిషి కాలము. గంటసేపు ఎదుట కూర్చుండి మౌనమును వినగల వైద్యురాలు, భాష తెలియని బాధితునకు దుబాసి, కోర్టుకు తోడు వచ్చు న్యాయవాది, వీరే ఇచ్చటి మందు. వీరికి న్యాయమైన జీతము ఇయ్యక సేవ చేయుమన్నచో వారు అలసి వెళ్ళిపోదురు; తలుపునకు తాళము పడును. పరిశీలింపవలసినది జీతమున్నదా లేదా అని కాదు. ఆ జీతము రోగి ఎదుట కూర్చున్నవానికి పోవుచున్నదా, ఫ్యాను క్రింద ఫైళ్ళు త్రిప్పువానికి పోవుచున్నదా అని. దివిసీమ మనిషికి బస్సు ఛార్జీ పద్దులో ఉన్నదా లేదా అని. ఆ చిన్న పద్దు లేని పెద్ద బడ్జెటు శివారునకు నీరందని కాలువ.

మూడవ ధర్మము పేరు మూయుట. లెక్క ఎంతగా తెరువవలయునో, పేరు అంతగా మూయవలయును. బాధితుని పేరు, ఊరు, వానికి జరిగినది బయటపడినచో హింసించినవారు మరల రావచ్చును, ఊరివారు వెలివేయవచ్చును, ఆడుబిడ్డ పెండ్లి ఆగిపోవచ్చును. కనుక చిట్టాలో పేరు బదులు సంఖ్య వ్రాయవలయును. ఆ సంఖ్య ఎవ్వరిదో తెలిపే పుస్తకము చికిత్స చేయువారివద్దనే, తాళము క్రింద ఉండవలయును. ఆడిటరు ఖర్చు జరిగినదా లేదా చూచును. మనిషి కథను చూడనక్కరలేదు. ధర్మకర్తకును ఆ కుతూహలము తగదు.

మిక్కిలి కఠినమైన పరీక్ష విరాళము కోరునప్పుడు వచ్చును. గాయముల ఛాయాచిత్రము అచ్చువేసిన కరపత్రమునకు సొమ్ము ఎక్కువ రాలును. వేదికపై నిలబెట్టి ఏడ్పించిన సభలో హుండీ నిండును. వాడు ఒప్పుకొన్నాడు గదా అందురు. ఆశ్రయమిచ్చినవానికి కాదని చెప్పు ధైర్యము వానికి ఉన్నదా? చెరలో మాట రాబట్టుటకు దేహమును నొక్కిరి. సభలో సొమ్ము రాబట్టుటకు దుఃఖమును నొక్కుచున్నారు. కిట్టి మారినదే గాని బిగింపు మారలేదు. ఆ సొమ్ముతో వేయిమందికి వైద్యము చేసినను, వాని వేదన ఆ పద్దులో ఖర్చు క్రిందనే మిగులును.

నాలుగవ ధర్మము గాయపడినవాని మాటకు పీట వేయుట. దాసోహమనగా "నేను దాసుడను" అను భావము. ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద అను మెట్టు దానిలో లేదు. చిత్రహింస మనిషినుండి మొదట లాగుకొనునది వాని మాట. వాని ఇష్టాయిష్టములకు విలువ లేదని నేర్పుటయే దాని పని. సేవాసంస్థయు వానిని కూర్చుండబెట్టి, వాని తరఫున అన్నియు తామే నిర్ణయించినచో ఆ పాఠమునే తిరిగి నేర్పినట్లగును. కోలుకొన్నవారు, ఇష్టపడినవారు, పాలకమండలిలో ఉండవలయును. వారు నిధులను తప్పుపట్టవచ్చును, వైద్యుని తప్పుపట్టవచ్చును, అధ్యక్షుని తప్పుపట్టవచ్చును. వారి ఫిర్యాదు వినుటకు అధ్యక్షునికి లోబడని పెద్ద ఒకరు ఉండవలయును. మారయ్య ఇంటిలో తప్పు చూపినది పీఠాధిపతి కాదు, లక్కమ్మ. ఆ మాట విన్నందుననే మారయ్య శరణుడయ్యెను.

శరణబంధువులారా! ఈ విషయము దూరదేశపు సంస్థలకే చెందినదని తలపవలదు. ప్రతి మఠమునకును, ప్రతి సంఘమునకును, ప్రతి కల్యాణ మండపమునకును ఒక నిధి కలదు. దానికి ఒక కాపరి కలడు. చిత్రహింస బాధితుల సంస్థకు వర్తించు ధర్మము వానికిని వర్తించును. అక్కడ తప్పిన తూము ప్రాణము మీదికి వచ్చును గనుక తప్పు త్వరగా కనబడును. ఇక్కడ ఆలస్యముగా కనబడును. భేదమంతే.

ఇక చేయవలసినది. విరాళమిచ్చు గృహస్థుడు రశీదుతో తృప్తిపడక నాలుగు ప్రశ్నలు అడుగవలయును. నిరుటి లెక్క ఎక్కడ చూడవచ్చును? ఈ సొమ్ము ఆగినచో ఇప్పుడున్నవారి చికిత్స ఎన్ని నెలలు సాగును? బాధితుల పేర్లు ఎవరి చేతిలో ఉన్నవి? తప్పు జరిగినచో బాధితుడు ఎవరితో చెప్పుకొనును? సూటిగా బదులు చెప్పు సంస్థకు చిన్న చందాయైనను ఏటేట తప్పక ఇయ్యవలయును. ఒక్క ఏడు వరదవలె ఇచ్చి మరుసటి ఏడు మరచుటకంటె వంతు తప్పని నీరు మేలు. మఠములు వారమునకొక నాడు ఒక గదిని, తలుపు తెరచి ఉంచగల గదిని, అట్టి సేవకు ఇయ్యగలవు. లెక్కలు తెలిసిన యువకులు పద్దులు వ్రాసిపెట్టగలరు. వకీళ్ళు న్యాయసేవాధికార సంస్థకు దారి చూపగలరు. ఏమియు లేనివారు దూరపు పల్లెనుండి వచ్చువానికి బస్సు ఛార్జీ ఇయ్యగలరు. అదియు దాసోహమే.

జూన్ 26వ తేదీ చిత్రహింస బాధితులకు బాసటగా ప్రపంచము పాటించు దినము. అది వచ్చునది డెల్టాలో రైతులు కాలువ నీటికై ఎదురుచూచు దినములలో. ఆనాడు ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొన్న ప్రతి భక్తుడును తన చేతిని ఒకసారి చూచుకొనవలయును. లింగమును పట్టిన ఆ చేయియే సంఘపు తాళపుచెవిని పట్టుచున్నది. ఆ చేయియే చెక్కుపై సంతకము చేయుచున్నది. శివపూజకు కడిగినంత శుద్ధముగా పద్దునకును దానిని కడుగవలయును. అప్పుడే తలకాలువలో వదలిన నీరు తూములన్నియు దాటి, ఎక్కడో తలుపు చప్పుడునకు ఉలికిపడుచున్న ఆ శివారు మనిషి వాకిలికి చేరును.